సగం వెదురు

వేణ్ణీళ్ల గిన్నె పెరటి గుమ్మం దగ్గర పెట్టి, ఇంటావిడ ఒక్క మాటైనా లేకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

రోజూ అయితే అద్దె వాటాలో ఉన్న అటవీ రేంజరు పిల్లకు తనే నీళ్లు పోసేది. పిల్ల చేసే అల్లరికి తన చీర సగం తడిసేది. ఆ పిల్లకు పిచిక అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఈ పూట గిన్నె గచ్చుకు తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"తాళం వేసినవాళ్లే వేణ్ణీళ్లు కూడా పంపిస్తున్నారు. ఇంత మర్యాదైన జైలు ఎక్కడా ఉండదు" అంది రేంజరు అత్తగారు, గిన్నె లోపలికి తెచ్చుకుంటూ.

రేంజరు నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి వాకిట్లోకి చూస్తోంది. నిన్న సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చి జీపు దిగి లోపలికి వెళ్లీ వెళ్లగానే గేటుకు గొలుసు పడింది. అప్పటినుంచి ఊళ్లో సగం మంది ఈ వాకిట్లోనే ఉన్నారు. రాత్రంతా అక్కడే పడుకుని లేచారు. కొందరు ఆమె జీపు నీడలో కూర్చున్నారు. గేటు అవతల వీధి చివర వెదురు కర్రలు నింపుకున్న రెండు లారీలు ఆగి ఉన్నాయి. వాటి ముందు రోడ్డుకు అడ్డంగా ఒక మొద్దు పడేసి ఉంది.

గొలుసు వేసి తాళం బిగించింది ఎవరో ఆమె కళ్లారా చూసింది. ఇంటి యజమానే. ఊరి కొండను కాసే సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. ఇంట్లో ఒక వాటా ఆమెకు అద్దెకిచ్చి, "నీకు పుట్టిల్లు దూరమనుకోకమ్మా" అని సామాన్లు దింపించిన మనిషి.

ఆ కొండ మీద ఒకప్పుడు మోకాలెత్తు మొక్క కూడా ఉండేది కాదు. అటవీ శాఖవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాసేవారు, ఊరివాళ్లు చీకట్లో నరుక్కుపోయేవారు. ఆమె ఈ ఊరికి బదిలీ అయి వచ్చాక ఇదే అరుగు మీద కూర్చుని వాళ్లకు కొత్త పద్ధతి చెప్పింది. కొండ ప్రభుత్వానిదే, కాపలా మాత్రం ఊరిది. ఏ పొద ఎప్పుడు కొయ్యాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. కోసినదాంట్లో సగం ఊరిది. ఆ మాట నమ్మి వాళ్లు మేకల్ని కొండెక్కనివ్వలేదు. వంతులు వేసుకుని తిరిగారు. ఎండాకాలం నిప్పు పాకకుండా ఆడా మగా కలిసి ఎండాకు ఊడ్చారు. లేత పిలకల్ని కన్నబిడ్డల్లా కాచుకున్నారు.

ఈ ఏడాది మొదటి కోత, ముదురు కర్రలే కోశారు. రెండు లారీలూ నిండాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సరుకంతా శాఖ డిపోకు చేర్చాలి, ఊరి వాటా సంగతి తరువాత పరిశీలిస్తారు. నిన్న ఆ ఉత్తర్వు చదివి వినిపించిందీ ఆమే.

పిల్లకు నీళ్లు పోసి, తల తుడుస్తూ అత్తగారు మళ్లీ మొదలుపెట్టింది. ఏదో ఒకటి చెప్పి బయటపడమంది. సగం మీదేనని చెప్పేస్తే వాళ్లు లేచి వెళ్లిపోతారని, తరువాత సంగతి పైవాళ్లు చూసుకుంటారని, ఉద్యోగమన్నాక ఇలాంటివి నాలుగు చెప్పాల్సి వస్తుందని అంది. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న తన కొడుకైతే ఎప్పుడో చెప్పేసి ఈపాటికి భోజనానికి కూర్చునేవాడని కూడా అంది.

"ఒకసారి చెప్పానత్తయ్యా. అదే ఇప్పుడు వాకిట్లో కూర్చుంది."

అత్తగారు తువ్వాలు దులిపి తీగ మీద ఆరేసింది. పిచిక రెండు వాటాలకూ మధ్యనున్న తలుపు దగ్గరికి వెళ్లి తొయ్యబోయింది. ఆ తలుపు ఏనాడూ మూసి ఉండేది కాదు. పిల్ల ఆ ఇంట్లో అన్నం తిని ఈ ఇంట్లో నిద్రపోయేది. నిన్నటినుంచి అటువైపు గడియ పడింది.

"అమ్మమ్మ తలుపు తియ్యట్లేదు" అంది పిల్ల. ఇంటావిడను అది పిలిచేది అలాగే.

"అమ్మమ్మకి పనుంది. ఇలా రా" అని రేంజరు పిల్లను ఎత్తుకుంది.

ఆ తలుపు పలచనిది. అవతల మాట్లాడుకునేది వినకూడదనుకున్నా వినపడుతుంది. మధ్యాహ్నం కావస్తుండగా అధ్యక్షుడు భోజనానికి లోపలికి వచ్చినట్టున్నాడు. ముందు కంచం పెట్టిన చప్పుడు, తరువాత ఇంటావిడ గొంతు. నిన్నటినుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. అద్దెకున్నవాళ్లను ఇంట్లో పెట్టి తాళం వేసిన ఇల్లు ఈ వీధిలో ఇంకోటి ఉందా అని అడిగింది. ముసలావిడ ఉంది, పాలు తాగే వయసు దాటీ దాటని పిల్ల ఉంది, రేపు వాళ్ల మొహం ఎలా చూడాలి అని అడిగింది. ఆయన తింటూనే ఉన్నాడు.

"అదే మన పిల్లయితే తాళం వేస్తారా?" అంది చివరికి.

"మన పిల్లయితే మాట తప్పదు."

ఇటువైపు అత్తగారు కోడలి మొహం చూసి చూపు తిప్పేసుకుంది. పిల్లను పక్కగదిలోకి తీసుకువెళ్లి బొమ్మలు ముందేసి కూర్చుంది.

అప్పుడే ఫోను మోగింది. ఆమెకు పైనున్న డివిజన్ అటవీ అధికారి. ఆయన గొంతులో కంగారు లేదు, అదే ఆమెను భయపెట్టింది. పొద్దు వాలేలోగా పోలీసులు వస్తారన్నాడు. లారీలు వాళ్ల వెంటే బయల్దేరతాయి, ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా లోపలే ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగిని నిర్బంధించడం చిన్న విషయం కాదు, కేసు గట్టిగా ఉండాలి.

"తాళం వేసింది ఎవరు?"

ఆమె పక్కగది వైపు చూసింది. "నేను చూడలేదు సార్."

"మీరున్న ఇంటికి తాళం వేస్తే మీరు చూడలేదా?"

"చూడలేదు సార్."

ఆయన సరే, వాళ్లొచ్చాక వాళ్లే తేలుస్తారని పెట్టేశాడు.

ఫోను చేతిలో పట్టుకునే ఆమె ఆ తలుపు దగ్గరికి వెళ్లింది. అత్తగారు వద్దని తల ఊపింది. అయినా తట్టింది. రెండోసారి తట్టాక గడియ తీసిన చప్పుడైంది. ఇంటావిడ తలుపు ఓరగా తెరిచి, ఆమె మొహం చూడకుండానే పక్కకు తప్పుకుంది. అధ్యక్షుడు చెయ్యి కడుక్కుని తువ్వాలుకు తుడుచుకుంటున్నాడు.

"బాబాయిగారూ, ఒక్కమాట."

"చెప్పండి మేడమ్."

ఇన్నాళ్లూ అమ్మా అని పిలిచిన మనిషి. ఆ మేడమ్ అన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అయినా చెప్పాల్సింది చెప్పింది. పోలీసులు వస్తున్నారని, ముందు ఆయన్నే పట్టుకుంటారని, ఇప్పుడే తాళం తీసేసి అందర్నీ ఇళ్లకు పంపేస్తే కేసు ఉండదని, తనను ఎవరూ నిర్బంధించలేదని తను చెబుతానని.

ఆయన ఆశ్చర్యపోలేదు. వస్తారని తనకూ తెలుసన్నాడు. తెలిసే వేశానన్నాడు.

"ఎందుకు వేసినట్టు మరి?"

ఆయన భార్య వైపు చూశాడు. కాసిన్ని మంచినీళ్లు తెమ్మని ఆవిడను వంటింట్లోకి పంపాడు. ఆవిడ వెళ్లేదాకా ఆగి, గొంతు బాగా తగ్గించాడు.

"నిన్న మీరు ఉత్తర్వు చదివి వెళ్లిపోయాక మా కుర్రాళ్లు ఏమనుకున్నారో మీకు తెలియదు. కొండ మనది కానప్పుడు ఎవరిదీ కాకూడదన్నారు. ఒక్క పూటలో మొత్తం పడగొట్టేద్దామన్నారు. గొడ్డళ్లు తెచ్చుకున్నారు కూడా. అందరికంటే ముందున్నది మా వాడే."

ఆమె వంటింటి వైపు చూసింది.

"కొండెక్కితే నేను ఆపలేను. అందుకని ముందు ఆఫీసరమ్మని ఆపుదామన్నాను. మిమ్మల్ని కదలనివ్వకపోతే పైవాళ్లు దిగొస్తారని చెప్పాను. నమ్మారు. మీరు లోపల ఉన్నంతసేపూ వాళ్లు ఈ వాకిట్లో ఉంటారు. మీరు గేటు దాటారంటే వాళ్లకిక ఇక్కడ పనిలేదు. కొండ మీదికి పోతారు."

"పిన్నిగారికి తెలియదా?"

"కొడుకు గొడ్డలి పట్టుకున్నాడని దానికి చెప్పనా? నన్ను తిట్టుకోనివ్వండి, అదే నయం."

ఇంటావిడ నీళ్లు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని గటగటా తాగి, తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఆవిడ ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. ఇద్దరి మధ్యా ఒక చేయి దూరమే ఉంది.

"పిల్ల తిన్నదా?" అంది ఆవిడ చివరికి.

"తిన్లేదు పిన్నిగారూ. మీరు పెడితే గానీ తిననంటోంది."

ఆవిడ కళ్లు ఒత్తుకుని పక్కనుంచి లోపలికి వచ్చింది. పిచిక పరుగెత్తుకొచ్చి ఆవిడ కాళ్లను చుట్టేసుకుంది. అత్తగారు పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

రేంజరు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు వాకిట్లో వాళ్లను ఒక్కొక్కరినీ వేరువేరుగా చూసింది. బుట్టలల్లే ఆడవాళ్లు అరుగు కింద వరసగా కూర్చున్నారు. వాళ్లకు నోరు ఎంత ఉన్నా ఆయుధాలు లేవు. జీపు అవతల, గోడ వారగా కుర్రాళ్లున్నారు. ఒకడి వీపు వెనక గోనెపట్టా కింద ఏదో పొడుగ్గా ఉంది. అధ్యక్షుడి కొడుకు గేటు కమ్మీలు పట్టుకుని నిలబడి కొండ వైపు చూస్తున్నాడు. ఎండాకు ఊడ్చే రోజుల్లో ఆమె పక్కనే నడిచి, ఎక్కడ నిప్పు పాకుతుందో గాలిని బట్టి చెప్పినవాడు వాడే.

పోలీసులు వస్తే తను బయటపడుతుంది. తను బయటపడితే కొండ పోతుంది. పోలీసులు కొండంతా కాపలా కాయలేరు. అక్కడ ఇన్నాళ్లూ కాపలా కాసింది గొడ్డళ్లు పట్టుకున్న ఈ మనుషులే.

ఆమె ఫోను తీసి డివిజన్ అధికారికి చేసింది. తనను ఎవరూ బంధించలేదని చెప్పింది. తన ఇంట్లో తను ఉన్నానని, వాకిట్లో ఉన్నవాళ్లు సంఘం మనుషులని, మాట్లాడుకుంటున్నామని, పోలీసులు రానవసరం లేదని.

"తాళం లేదా?"

"గేటు వేసి ఉంది సార్, అంతే."

"చాలా మంచిమాట చెప్పారు." ఆయన నవ్వినట్టే ఉంది. "మిమ్మల్ని ఎవరూ ఆపనప్పుడు లారీలు ఎందుకు ఆగాయి? నిన్నటినుంచి ప్రభుత్వ సరుకు మీరే ఆపారని రాసుకోమంటారా?"

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"పోలీసులు బయల్దేరిపోయారు. వాళ్లు వచ్చేసరికి లారీలు కదిలి ఉండాలి. కదిలితే నేను ఏ ప్రశ్నా అడగను. కదలకపోతే బంధించారనైనా చెప్పండి, మీరే ఆపారనైనా చెప్పండి. మూడో మాట నా దగ్గర లేదు."

ఫోను పెట్టేశాక ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. విన్నంత విన్నది కాబట్టి కొత్తగా అడగలేదు. కోడలి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, ఇంత చదువు చదివి ఇంత పిచ్చిదానివి ఎలా అయ్యావే అని మెల్లగా అంది. నిర్బంధించారని చెప్పడం అబద్ధం కూడా కాదు కదా అంది. తరువాత, ఇంటాయన మంచివాడే, నేను కాదనను, కానీ నీ ఉద్యోగం పోతే ఈ పిల్లను నేను ఏ మొహంతో నా కొడుక్కి చూపించను అని అంది.

పక్కగదిలో ఇంటావిడ పిల్లకు ముద్దలు కలిపి పెడుతూ ఏదో కాకి కథ చెబుతోంది. కాకి ఎంతకీ గూటికి చేరడం లేదు.

రేంజరు లేచి జుట్టు ముడి వేసుకుంది. మొహం కడుక్కుని, ముందుగది తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చింది.

వాకిలి మొత్తం ఆమె వైపు తిరిగింది. అధ్యక్షుడు మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు. వద్దన్నట్టు కళ్లతోనే చెప్పాడు. ఆమె ఆయన్ని దాటి అరుగు అంచుకు వచ్చింది.

బుట్టలల్లే వాళ్లలో పెద్దావిడ, నోటికి భయపడి ఊరంతా గయ్యాళక్క అని పిలిచే మనిషి, కూర్చున్నచోటు నుంచే పలకరించింది. "ఏమమ్మా, పైవాళ్లు దిగొచ్చారా, ఇంకా మెట్లు వెతుక్కుంటున్నారా?"

అక్కడక్కడా నవ్వారు. అధ్యక్షుడి కొడుకు నవ్వలేదు. గేటు వదిలి ముందుకొచ్చాడు.

"మాకు వేరే ముచ్చట్లొద్దు మేడమ్. ఒక్కటే చెప్పండి. కర్రలు ఎవరివి?"

"సగం మీవి."

"అది మీరు అప్పుడూ చెప్పారు. పైవాళ్లు ఏమన్నారు?"

"పైవాళ్లు కాదన్నారు. లారీలు ఇప్పుడే కదలాలన్నారు."

గోడ వారగా ఉన్న కుర్రాళ్లు లేచారు. గోనెపట్టా జారి కింద పడింది. ఆమె అటు చూడనట్టే ఉండిపోయింది.

"నాకు ఆ అధికారం లేదు. కానీ ఈ అరుగు మీద నుంచి ఆ మాట ఇచ్చింది నేను. వెళ్లి లారీల్లోంచి సగం దించుకోండి. మిగతా సగం డిపోకు పోతుంది. కర్ర కూడా అటూ ఇటూ కాకూడదు. మీరే విడదీయండి, నేను చూస్తుంటాను."

ఎవరూ కదల్లేదు. ఇంతసేపూ అరిచి అడిగింది చేతికొచ్చేసరికి ఏం చెయ్యాలో వాళ్లకు పాలుపోలేదు. అధ్యక్షుడి కొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి ఆమెనే చూస్తున్నాడు.

"మీ ఉద్యోగమో అమ్మా?" అన్నాడాయన. మేడమ్ అనడం మరిచిపోయాడు.

ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది. ముందుగా గయ్యాళక్క లేచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, మనకు కర్రలు మోయడం ఎవరైనా నేర్పాలా అంటూ గేటు దగ్గరికి నడిచింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లు. అధ్యక్షుడు గొలుసు విప్పాడు. కుర్రాళ్లు కాసేపు తటపటాయించి, చేతుల్లోవి గోడ పక్కనే వదిలేసి వీధిలోకి పరుగెత్తారు. కొండ వైపు కాదు, లారీల వైపు.

ఆమె లారీల దగ్గరికి వెళ్లి నిలబడింది. కట్టలు విప్పారు. ఇద్దరేసి పైకెక్కి కర్రలు అందిస్తున్నారు. కింద ఇద్దరేసి అందుకుని రోడ్డు పక్కన పేరుస్తున్నారు. నునుపైన పచ్చటి కర్రలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే గలగలమని వీధంతా మోగింది. ఎవరో పాత దొంగకోతల సంగతులు గుర్తుచేసి వేళాకోళమాడారు. అధ్యక్షుడి కొడుకు లారీ మీద నుంచి ఆమెను చూసి ఏదో చెప్పబోయి, చెప్పలేక తలవంచుకుని మళ్లీ కర్ర అందుకున్నాడు. నిన్నటినుంచి మొదటిసారి ఆమెకు గాలి ఆడినట్టనిపించింది.

ఒక లారీ సగమయింది. రెండో దాని కట్టు విప్పుతుండగా వీధి మలుపులో పోలీసు వ్యాను తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ దిగి, దించిన కర్రల్నీ ఎక్కించి ఉన్న కర్రల్నీ ఓసారి చూశాడు. ప్రభుత్వ సరుకు లారీల్లోంచి దించమని ఎవరు చెప్పారని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు.

రేంజరు నోరు తెరిచేలోగా ఆమె ముందుకు ఒక వెడల్పాటి వీపు వచ్చి నిలబడింది.

"నేను చెప్పాను" అన్నాడు అధ్యక్షుడు. "నిన్న గేటుకు తాళం వేసిందీ నేనే. ఆవిడకేమీ తెలియదు."

లారీ మీద కొడుకు చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆయన్ని పక్కకు జరిపి ఆమె ఎదుటికి వచ్చాడు. డివిజన్ ఆఫీసు నుంచి తమకు రెండు రకాలుగా చెప్పారని, అసలేం జరిగిందో ఆమె నోటే వినాలని మర్యాదగానే అన్నాడు. అధ్యక్షుడు చెబుతున్నది నిజమైతే ఇప్పుడే తీసుకువెళతామన్నాడు. కాకపోతే దించమన్నది ఎవరో ఆమే చెప్పాలన్నాడు.

ఇంట్లో ఉన్న అత్తగారు ఎప్పుడు వచ్చిందో వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇటు పక్కన ఇంటావిడ, పిచికను చంకనేసుకుని. కలిపిన అన్నం ఆవిడ వేళ్లకు ఇంకా అంటుకునే ఉంది. భర్త మొహం ఒకసారి చూసింది. ఆయన చూడలేదు. ఆవిడ రేంజరు చెవి దగ్గరికి వంగింది.

"ఔననమ్మా" అంది. "నీకు చంటిపిల్లుంది. ఆయనకు నేనున్నాను."

కర్రలు భుజాన పెట్టుకున్నవాళ్లు దించనూ లేదు, ముందుకు నడవనూ లేదు. అంతమంది ఆమె పెదవుల వంకే చూస్తున్నారు.

"చెప్పండి మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈయనేనా?"